డేరా గుంజ మీద గరిటె

లాస్ ఏంజిలస్
మార్చి 9

డెలోరిస్‌కి అక్క ఆల్తియా రాస్తున్నది,

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. నాకు భయంగా ఉందే. పదకొండేళ్లుగా ఈ పేవ్‌మెంటు మీద డేరా వేసుకుని ఉన్నదాన్ని, పోలీసులకీ ఎలుకలకీ జంకనిదాన్ని, ఇవాళ ఒక కాగితం చూసి వణుకుతున్నాను. నాకు గది వచ్చింది.

టైర్లు అమ్మి కోట్లు గడించి పోయిన ఒక ముసలాయన పేరు మీద ఫౌండేషన్ ఉందని రాశాను కదా. వాళ్లిచ్చిన డబ్బుతో మా వీధి చివర నాలుగంతస్తుల ఇల్లు లేచింది. ఏడాదికి పైగా రోడ్డు మీద ఉండి, ఒంట్లో రోగాలున్నవాళ్లకే అందులో గదులు. ఎవరు ముందు పోయేలా ఉంటే వాళ్లకి ముందు. కిందటేడు మిరేయా నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. మిరేయా అంటే మా ఉత్తరాల కిటికీ దగ్గరుండే ఆవిడ. ఇల్లు లేనివాళ్ల ఉత్తరాలన్నీ ఆ కిటికీకే వస్తాయి, నీవి కూడా. గుండె జబ్బుందా? ఉంది. కాళ్లు వాస్తాయా? వాస్తాయి. ప్రతి అవునుకీ ఒక మార్కు. బళ్లో ఎన్నడూ రాని మార్కులు నాకు అరవై నాలుగో ఏట వచ్చాయి.

ఒక్క అబద్ధం ఆడాను. "అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంటే "ఎవరూ లేరు" అన్నాను. ఉన్నారంటే, పోయి చెల్లెలింట్లో ఉండమని నా పేరు కొట్టేస్తారని భయం. నిక్షేపంలాంటి చెల్లెల్ని కాగితం మీద లేకుండా చేశాను. తిట్టుకో, పడతాను.

గది వచ్చాక మరి భయమెందుకంటావా? ఆ గదికి తలుపుంది, తలుపుకి గడియ ఉంది. ఇక్కడ పొద్దున్నే లియోటిస్ అనే ముసలాయన సూపు గరిటె పట్టుకుని వీధి పొడుగునా నడుస్తాడు. ప్రతి డేరా గుంజ మీదా రెండు దెబ్బలు కొట్టి, "ఉన్నావా, పోయావా?" అంటాడు. "పోయేముందు నీకు చెప్పే పోతాలే!" అని నేను అరుస్తాను. ఎవరైనా పలకకపోతే డేరా విప్పి చూస్తారు. అలా ఇద్దర్ని బతికించాం. నలుగుర్ని బతికించలేకపోయాం కానీ, వాళ్లని ఎండలో వదిలెయ్యలేదు. గడియ వేసుకున్న గదిలో నా గుంజ ఎవరు కొడతారే?

శుక్రవారంలోగా సంతకం పెట్టాలట. ఏం చెయ్యమంటావు?

ఆల్తియా


418, మాగ్నోలియా వీధి
శ్రీవ్‌పోర్ట్
మార్చి 27

అక్కా,

నా ఉత్తరం అందేసరికి శుక్రవారం దాటిపోయి ఉంటుంది. సంతకం పెట్టకపోయావో, అక్కడికొచ్చి ఆ గరిటెతోనే నీ నెత్తి మీద కొడతాను. గది ఇస్తామంటే ఏడ్చేదాన్ని నిన్నే చూశాను. అడుక్కున్నా దొరకని వాళ్లున్నారు ఈ లోకంలో.

నన్ను లేదన్నావని నాకేం కోపం లేదు. క్లిఫ్టన్ బతికున్నప్పుడు నిన్ను ఇంట్లోకి రానివ్వలేదు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. ఆయన పోయి రెండేళ్లయింది, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. కాబట్టి లెక్క సరిపోయింది.

ఇక్కడ అంతా మామూలే. ఇంటి ముందు ఉత్తరాల డబ్బా ఊడిపోయింది, అందుకని ఇక మీదట మన చర్చి అడ్రసుకి రాయి. పాస్టరుగారి భార్య తీసి ఉంచుతుంది. పెన్సిలుతో రాస్తున్నాను, ఏమనుకోకు. పెన్ను ఎక్కడో పడింది.

డెల్


లాస్ ఏంజిలస్, 309వ నంబరు గది
మే 6

డెల్,

పైన చూశావా? నాకు నంబరొచ్చింది.

నీ తిట్లు అందకముందే సంతకం పెట్టాను. మంచం ఉంది, స్టవ్వు ఉంది, నా ఒక్కదానికే స్నానాల గది ఉంది. మొదటి రోజు మూడుసార్లు స్నానం చేశాను. రెండోసారి చేసేటప్పుడు ఎవరో తలుపు కొట్టి "అయిపోయిందా, బయట లైనుంది" అంటారేమోనని ఒంటిమీద సబ్బుతోనే పరుగెత్తాను.

మంచం మీద పడుకోలేకపోతున్నాను. తలుపు పక్కన నేల మీద, తలుపు కింది సందు దగ్గర తల పెట్టుకుని పడుకుంటున్నాను. అక్కడైతే వరండాలో అడుగులు వినిపిస్తాయి. గడియ వెయ్యను. వేస్తే గుండె దడదడలాడుతుంది. వెయ్యకపోయినా అంతే. పొద్దున కళ్లు తెరిచి గరిటె చప్పుడు కోసం చూస్తాను. ఏడవుతుంది. ఎనిమిదవుతుంది. ఎవరూ రారు. నేను ఉన్నానో పోయానో ఎవరికీ చెప్పక్కర్లేకుండా పోయింది.

"అలవాటైపోతుంది ఆల్తియా గారూ, అందరికీ మూడు నెలలు పడుతుంది" అంటుంది మిరేయా. ముప్పై రోజులు వరసగా గదిలో లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. అది కూడా నవ్వుతూనే చెప్పింది.

నీ దస్తూరీకి ఏమొచ్చిందే? ప్రతి పేజీ మధ్యలో ఒక వంపు గీత పడింది, అక్షరాలు అందులో పడి లేస్తున్నాయి. బల్ల కూడా ఊడిపోయిందా?

ఆల్తియా


418, మాగ్నోలియా వీధి
శ్రీవ్‌పోర్ట్
జూన్ 14

అక్కా,

మూడుసార్లు స్నానం చేశావని చదివి నవ్వాను, తరవాత కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. నీళ్లు వేడిగా వచ్చాయా? ఎంతసేపు వచ్చాయి?

ఎండలు మండిపోతున్నాయి. కిటికీలు మూస్తే ఉడికిపోతాం, తెరిస్తే దోమలు. రెండు వేళ్ల సందు వదిలితే సరిపోతుందని కనిపెట్టాను. నిన్న వాన పడింది. నెత్తికి ఇంత దగ్గరగా పడితే వాన ఎంత గోల చేస్తుందో! వంట పెద్దగా చెయ్యడం లేదు, ఒక్కదానికి ఏం వండుకుంటాం, రొట్టే జున్నూ చాలు. కాళ్లు కొంచెం వాస్తున్నాయి. వయసు కదా.

అక్కా, ఊరికే అడుగుతున్నాను. మొదట్లో, డేరా కూడా లేనప్పుడు, పొద్దున్నే మొహం కడుక్కోవడానికీ దానికీ ఎక్కడికెళ్లేదానివి? అడగకుండా రానిచ్చేవాళ్లా? ఎప్పుడూ అడగలేదు కదా అని గుర్తొచ్చింది.

గడియ వేసుకో. మంచం మీద పడుకో. కాళ్లు బార్లా చాపుకుని పడుకోవడం ఎంత గొప్పో నీకు తెలియడం లేదు.

డెల్


లాస్ ఏంజిలస్, పేవ్‌మెంటు
జూలై 20

డెల్,

పైన గది నంబరు రాయలేదు, చూశావుగా. నేను బయటికొచ్చేశాను.

312లో పర్సెల్ అని ఒకాయన ఉండేవాడు. ఓడల్లో పనిచేసి వచ్చిన మనిషి. లిఫ్టులో కనిపిస్తే టోపీ తీసేవాడు. ఉన్నట్టుండి కనబడకుండా పోయాడు. నేనూ అనుకున్నాను, చుట్టాలింటికి వెళ్లాడేమోలే అని. చూడు, నేనే అలా అనుకున్నాను! పేవ్‌మెంటు మీదైతే రెండు దెబ్బలకి పలక్కపోతే డేరా విప్పేదాన్ని. తలుపుందేసరికి నాకూ మర్యాద వచ్చేసింది. నాలుగు రోజుల తరవాత వాసన వస్తే తలుపు పగలగొట్టారు. చెయ్యి గడియ దాకా చాచి ఉందట. గడియ తియ్యడానికి పాక్కుంటూ వచ్చాడు డెల్.

నేను దుప్పటి తీసుకుని అలాగే కిందికి దిగిపోయాను. లియోటిస్ నా పాత డేరా ఇంకా మడిచి దాచే ఉంచాడు. "తిరిగొస్తావని తెలుసు" అన్నాడు, గొప్పగా కాదు, దిగులుగా. ఆయనకి గది రాలేదు. ఆరోగ్యం మరీ బాగుందట.

పన్నెండు రోజులైంది. మిరేయా రోజూ వచ్చి పక్కన కూలబడుతోంది. "సెప్టెంబరులో ఫౌండేషన్ వాళ్లొస్తారు. ఎంతమంది గదుల్లో నిలిచారో చూసి రెండో ఇంటికి డబ్బివ్వాలా వద్దా తేలుస్తారు. మీ ఒక్కరి వల్ల కాదు, కానీ మీలాంటి వాళ్లు ఇప్పటికే తొమ్మిదిమంది" అంది. నాకు అర్థమవుతుంది. రెండో ఇల్లు లేస్తే లియోటిస్‌కి చోటు రావచ్చు. అయినా ఆ మెట్లెక్కబోతే కాళ్లు రావడం లేదు. ఇక్కడ చచ్చిపోతానేమోనన్న భయం ఉంది. అక్కడ చచ్చిపోయాక ఏమవుతానోనన్న భయం. రెండో భయమే పెద్దది.

ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

ఆల్తియా


418, మాగ్నోలియా వీధి
శ్రీవ్‌పోర్ట్
జూలై 29

అక్కా,

లోపలికెళ్లు. ఈ ఉత్తరం చదువుతున్న చోటి నుంచి లేచి లోపలికెళ్లు. దుప్పటి తరవాత తెచ్చుకోవచ్చు.

నీకు బుద్ధుందా? చచ్చాక వాసనొస్తుందని బతికుండగా గది వదులుకుంటావా? తలుపున్న గది! లోపలి నుంచి వేసుకునే గడియ! నిన్న తెల్లవారుతుండగా ఎవడో అద్దం మీద కొట్టాడు. టార్చి వేశాడు. నేను కదల్లేదు, ఊపిరి కూడా తియ్యలేదు, చచ్చినదానిలా పడుకున్నాను. వాడు తలుపు పిడి ఒకసారి లాగి చూసి వెళ్లిపోయాడు. అంటే, వీధి వైపు కిటికీ అద్దం. ఇంటి కిటికీ. ఈ మధ్య మా వీధిలో దొంగలు ఎక్కువయ్యారు.

నా మాట విను. నాకోసం వెళ్లు. నువ్వు ఒక గదిలో ఉన్నావన్న ఒక్క సంగతి పట్టుకుని నేను రోజులు వెళ్లదీస్తున్నాను. ఎందుకని అడక్కు.

డెల్


లాస్ ఏంజిలస్, 309వ నంబరు గది
ఆగస్టు 6

డెలోరిస్,

నంబరు చూడు. లోపలే ఉన్నాను. నీ ఉత్తరం పేవ్‌మెంటు మీద నిలబడి చదివాను, చదివి నేరుగా మెట్లెక్కాను.

నువ్వు కారులో ఉంటున్నావు.

కాదనకు. పదకొండేళ్లు ఇదే చదువు చదివాను, ఈ పరీక్షలో నన్ను మోసం చెయ్యలేవు. ఆ వంపు గీత స్టీరింగు. కాగితం దాని మీద ఆనించి రాస్తున్నావు. కిటికీకి రెండు వేళ్ల సందు ఇంట్లో ఎవరూ వదలరు. నెత్తికి దగ్గరగా వాన కారు రేకు మీదే పడుతుంది. కూర్చుని నిద్రపోతే కాళ్లు వాస్తాయి. మొహం ఎక్కడ కడుక్కునేదానివని అడిగావు చూడు, అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది. తెలుసుకోవడానికి భయపడ్డాను. ఉత్తరాల డబ్బా మార్చిలో ఊడింది. అంటే నేను గది గురించి ఏడుస్తూ రాసేటప్పటికే నీకు ఇల్లు లేదు. నువ్వు నన్ను లోపలికెళ్లమని తిడుతూ కూర్చున్నావు. నాకు ఎంత కోపంగా ఉందో, నీ చెంపలు వాయించి ఆ తరవాత ఒళ్లో పెట్టుకోవాలని ఉంది.

మిరేయా దగ్గరికెళ్లి నిజం చెప్పేశాను. "ఎవరూ లేరన్నది అబద్ధం. నాకు చెల్లెలుంది. గది తీసేసుకుంటే తీసేసుకోండి" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఆరేళ్లుగా శ్రీవ్‌పోర్ట్ నుంచి మీకొచ్చే ఉత్తరాలు ఎవరు చేతికిస్తున్నారనుకున్నారు? కవరు వెనక 'అక్కకి' అని ఉంటుంది. నాకు చదవడం వచ్చు ఆల్తియా గారూ" అంది. దానికి మార్కులే లేవట. ఏడాదిగా ఊరికే వణికి చచ్చాను.

చుట్టాలు పద్నాలుగు రోజులు ఉండొచ్చు. అంతకు మించితే నా గది పోతుంది. ఆ తరవాత సంగతి తరవాత. బస్సు టికెట్టు ఇందులోనే ఉంది, ఎలా వచ్చిందని అడక్కు. అందాకా కారు ఆసుపత్రి ముందు ఆపుకో, చీకట్లో ఎప్పుడూ ఒకే చోట ఆపకు, తాళం చెవి వేళ్ల మధ్య పెట్టుకో.

ఇంకోటి. లియోటిస్ తన పాత గరిటె నాకిచ్చాడు. రోజూ ఏడింటికి మూడో అంతస్తులో ప్రతి తలుపూ కొడుతున్నాను. మొదటి రోజు ఇద్దరు బూతులు తిట్టారు. ఫరవాలేదు, తిట్టేవాడు బతికున్నట్టే. ఇప్పుడు మంచం మీద పడుకోగలుగుతున్నాను, 307లో ఆవిడ నా తలుపు కొడతానని మాటిచ్చింది.

రా.

ఆల్తియా


శ్రీవ్‌పోర్ట్
ఆగస్టు 13

అక్కా,

ఈసారి పైన ఇంటి నంబరు రాయలేదు.

అద్దె పెంచారు, కట్టలేకపోయాను, మార్చి ఒకటిన సామాన్లు ఇంటి ముందు గడ్డి మీద పెట్టారు. నీ మార్చి ఉత్తరం కోసం మాత్రం రోజూ వెళ్లి ఆ పాత డబ్బా చూసుకున్నాను. నీకు చెప్పకూడదనుకున్నాను. ఒకప్పుడు నిన్ను గుమ్మంలో నిలబెట్టినదాన్ని, ఏ మొహంతో చెప్పను? ప్రతి ఉత్తరం మీదా ఆ అడ్రసు రాస్తుంటే ఇంకా అక్కడే ఉన్నట్టు అనిపించేది.

చాలా భయంగా ఉందే అక్కా. ఐదున్నర నెలలుగా భయంగానే ఉంది. కారు అంత దూరం రాదు, సోమవారం బస్సెక్కుతాను.

డెల్


309వ నంబరు గది, నీ బల్ల మీద
సెప్టెంబరు 3

అక్కా,

నువ్వు గరిటెతో తలుపులు కొడుతున్న చప్పుడు వరండా చివర వినిపిస్తోంది. తిరిగొచ్చేలోగా వెళ్లిపోతున్నాను. ఎదురుగా ఉంటే వెళ్లలేను.

నిన్నటితో పద్నాలుగు అయ్యాయి. ఇంకొక్క రోజు దాచిపెడతానన్నావు. కింద తలుపు దగ్గర కూర్చునే గుమస్తాకి తెలియదన్నావు. తెలుస్తుంది. అప్పుడు ఇద్దరం రోడ్డు మీద ఉంటాం. నిన్న నువ్వు నిద్రలో ఉండగా మిరేయాని అడిగాను, నాకూ ఒక గది రావాలంటే ఏం చెయ్యాలని. ఏడాది నిండాలట. నిండిందని కాగితం చూపించాలట. కారులో ఉన్న నెలలు లెక్కకి రావు. ఆ నెలలన్నీ నా సొంత దస్తూరీతో "418, మాగ్నోలియా వీధి" అని రాసి నీకు పంపాను కదా. నువ్వు ఒక్కటీ పారెయ్యకుండా దాచావు. నేను ఇంట్లో ఉన్నట్టు నేనే సాక్ష్యం రాసిచ్చుకున్నాను.

లియోటిస్‌తో మాట్లాడాను. నీ డేరా నీ చోటులోనే వేసి పెట్టాడు. నీ కిటికీలోంచి వంగి చూస్తే కనిపిస్తుంది. ఈ పద్నాలుగు రోజులూ కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నాను. అది చాలు.

గడియ వేసుకో.

డెల్


లాస్ ఏంజిలస్, 309వ నంబరు గది
అక్టోబరు 20

డెలోరిస్‌కి, ఉత్తరాల కిటికీ, మిరేయా ద్వారా,

నువ్వు నా కిటికీ కింద రెండువందల అడుగుల దూరంలో కూర్చుని ఉన్నావు, లియోటిస్‌తో పేకాడుతూ. ఓడిపోతున్నావని ఇక్కడి నుంచే తెలుస్తోంది. అయినా స్టాంపు అంటించి రాస్తున్నాను. తపాలా ముద్ర ఉన్న ఉత్తరం నెలకొకటి ఆ కిటికీకి నీ పేరున వస్తే, నువ్వు రోడ్డు మీద ఉన్నావనడానికి అదే కాగితమని మిరేయా చెప్పింది. కాబట్టి ఇందుమూలముగా నేను రాసేదేమిటంటే: నా చెల్లెలు డెలోరిస్‌కి ఇల్లు లేదు. పేవ్‌మెంటు మీద నా పాత డేరాలో ఉంటోంది. ఇలాంటి మాట నా చేత్తో రాయాల్సి వస్తుందనుకోలేదు.

ఫౌండేషన్ వాళ్లు వచ్చి వెళ్లారు. ఇప్పుడు నాలుగు అంతస్తుల్లోనూ తలుపులు నేనే కొడుతున్నాను కదా, వాళ్లలో ఒకావిడ నా వెంటబడి అన్నీ ఎక్కి దిగింది. ఆయాసపడుతూ, ఇది చాలా గొప్ప పద్ధతి, రెండో ఇంట్లో కూడా పెట్టిస్తామంది. దానికి ఆరు మాటల పేరు కూడా పెట్టింది. రెండో ఇంటికి డబ్బు ఖాయమట. నేను ఆవిణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నిన్ను చూపించాను. "ఆ నీలం డేరా నా చెల్లెలిది. దానికెప్పుడిస్తారు?" అన్నాను. "మా నిధులు చాలాకాలంగా ఇల్లు లేనివాళ్లకేనండీ" అంది. చాలాకాలమంటే ఎంత అన్నాను. పన్నెండు నెలలంది. "అయితే అది ఇంకా సరిగ్గా పాడవలేదన్నమాట" అన్నాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచి మనిషే. కళ్లు తుడుచుకుని, ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుంది.

ఇక అసలు సంగతి చెబుతున్నాను. నిన్న పొద్దున నాలుగు అంతస్తులూ అయ్యాక కిందికి దిగి నీ గుంజ మీద రెండు దెబ్బలు కొట్టాను. నువ్వు పలకలేదు. మళ్లీ కొట్టాను. పలకలేదు. నా చెయ్యి డేరా ముడి మీదికి వెళ్లింది కానీ విప్పడానికి వేళ్లు రాలేదు. పదకొండేళ్లలో ఎంతమంది డేరాలు విప్పానో, నీది విప్పలేకపోయాను. మూడోసారి కొడితే అప్పుడు లోపల్నుంచి "ఉన్నానే, గోల చెయ్యకు, నిద్రొస్తోంది" అన్నావు. నీకు నవ్వులాట. నేను లియోటిస్ కుర్చీలో కూలబడితే లేవడానికి అరగంట పట్టింది.

ఈ కవరు జాగ్రత్తగా విప్పు, ముద్ర చిరగకూడదు. ఇది రెండోది. నీకు ఇంకా పది ఉత్తరాలు రాయాలి, పదీ అందుకోవడానికి నువ్వుండాలి.

రేపు మొదటి దెబ్బకే పలుకు.

అక్క